మంచం మీద తువ్వాలు

11-5-87, సోమవారం

ఎండ. గాలి లేదు. విత్తనం శెనక్కాయల మూటలు మూడూ విప్పి మిద్దె మీద ఆరబోసినాను. మధ్యాహ్నం ఒకసారి తిరగేసి సాయంత్రం మళ్ళీ కట్టిపెట్టినాను. పుచ్చు లేదు.

పావగడ నుంచి పెద్దక్క బస్సు కండక్టరు చేతికి చీటీ ఇచ్చి పంపింది. మీ అమ్మ మంచం రెండు నెలలుగా ఖాళీగా ఉండాది, వచ్చి మాట్లాడు అని.

పెద్దక్క మాకు చుట్టం కాదు, అందరూ అట్లా పిలిచే, నర్సుగా చేసి రిటైరైన మనిషి. తన ఇంట్లోనే ఆరు మంచాలు వేసి ముసలివాళ్ళను చూసుకుంటుంది. తిండి, మందు, స్నానం, అన్నీ కలిపి నెలకు రెండు వందల యాభై. అమ్మ అక్కడ చేరి ఏడాదిన్నర. నా భార్య చనిపోయింది. ఆ తర్వాత, పగలంతా గోడలతో మాట్లాడలేను, నన్ను ఆడ చేర్పించు అని అమ్మ తనే అడిగింది. ఊళ్ళో ఈ మాట ఎవరూ నమ్మరు. మా చిన్నాయన కొడుకు ఓబళప్ప ఇప్పటికీ, ఏమిరా చౌడా, హాస్టల్లో మీ అమ్మ ఏ క్లాసు, పాసయిందా అని అడుగుతాడు.

మార్చిలో అమ్మ ఆరిన చీర తీయబోయి అరుగు మీద నుంచి జారింది. తుంటి విరిగింది. అనంతపురంలో ప్లేటు వేసినారు. ఇప్పుడు అక్కడే పెట్టుకుని నడక నేర్పిస్తున్నారు. రోజుకు ఎనిమిది రూపాయలు, మందులు వేరే. అంటే అమ్మ లేని మంచానికి ఒక చోట, ఉన్న మంచానికి ఒక చోట దుడ్డు కట్టాల.

12-5-87

ఎండ. ఎద్దులకు నీళ్ళు పెట్టి తొలి బస్సుకు పావగడ పోయినాను.

అమ్మ మంచం కిటికీ పక్కది. పడుకుంటే రోడ్డు, వచ్చే పోయే బస్సులు కనిపిస్తాయి. దాని మీద నారప్ప కూర్చుని ఉన్నాడు. శెనక్కాయల వ్యాపారి. పంట నేను ఆయనకే అమ్ముతాను. వాళ్ళ అత్తకు ఈ మంచం కావాలంట. చేత్తో నవారు నొక్కి చూస్తున్నాడు, ఎద్దును బేరం చేసినట్టు.

ఆయన లేచినాక నా భుజం మీది తువ్వాలు తీసి మంచం మీద పరిచినాను.

పెద్దక్క పడీపడీ నవ్వింది. ఇదేమన్నా తుమకూరు బస్సా చౌడప్పా, కిటికీలో నుంచి తువ్వాలు విసిరి సీటు పట్టేదానికి అనింది. నవ్వి, తర్వాత రెండు మాటలు చెప్పింది. ఒకటి, మనిషి లేకపోయినా నెల దుడ్డు కడితేనే మంచం నిలుస్తుంది. రెండు, తిరిగి వచ్చేటప్పటికి మీ అమ్మ మంచం దిగి, పెరట్లో మరుగుదొడ్డికి పోయి, మళ్ళీ వచ్చి కూర్చోవాల. కర్ర పట్టుకోనీ, స్టాండు పట్టుకోనీ. ఇంకొక మనిషి చెయ్యి మాత్రం పట్టుకోకూడదు. ఆరు మందికి నేనొకదాన్ని. పడితే ఎత్తేది నేను. నాకు యాభై ఎనిమిది.

జూన్ ఆఖరు దాకా చూస్తుందంట. జులై ఒకటికి మంచం ఎవరిదో తేలాల. నారప్పకు కూడా అదే మాట చెప్పింది.

మంచం నుంచి దొడ్డి తలుపు దాకా నడిచి అడుగులు లెక్కపెట్టినాను. హాలు, వసారా, పెరడు. ఇరవై రెండు.

15-5-87

ఎండ. అనంతపురం పోయి వచ్చినాను. పశువులను ఓబళప్పకు చెప్పినాను.

అమ్మ చిక్కింది. నడక నేర్పే డాక్టరమ్మ చిన్న పిల్ల, కోపిష్టి. నాలుగు కాళ్ళ ఇనుప స్టాండు ఇచ్చి నడిపిస్తుంది. నాలుగు అడుగులు వేసి అమ్మ కూలబడింది.

పెద్దక్క చెప్పింది చెప్పినాను. ఎన్ని అడుగులు అని డాక్టరమ్మ అడిగింది. ఇరవై రెండు అన్నాను. ఆమె నేల మీద సున్నపు ముక్కతో గీత గీసి, అమ్మా, అది నీ దొడ్డి అనింది. అంతేనా, దానికి ఇంత పంచాయితీనా అనింది అమ్మ.

బయలుదేరేటప్పుడు పిలిచి, నా మంచం మీద ఎవరు పండుకోనుండారు అని అడిగింది. నా తువ్వాలు అన్నాను. చాలాసేపు నవ్వింది. నవ్వితే తుంటి నొస్తుందని తిట్టింది.

22-5-87

ఎండ. ఆసుపత్రి నుంచి కార్డు, అమ్మ ఎన్ని అడుగులు నడిచిందని. తొమ్మిది.

30-5-87

మబ్బు కమ్మి పోయింది. ఒక మూట విత్తనం కాయలు బండి మీద వేసుకుని పోయి నారప్పకు అమ్మినాను.

ఆయన కాయ పగలగొట్టి గింజ చూసి, ఇది విత్తనం కదప్పా, ఇప్పుడమ్ముతావేంది అన్నాడు. అవసరం అన్నాను. ఆ అవసరం ఏందో నాకు తెలుసులే చౌడప్పా, నా దుడ్డు తీసుకపోయి నా మంచానికే అడ్డం పెడతాండావు అన్నాడు. నవ్వుతానే అన్నాడు. తూకంలో మోసం చేయలేదు. మా అత్త కూడా మనిషే కదప్పా, ఇంట్లో ఒక్కతే ఉండి పొయ్యి మీద చీర అంటించుకునింది అన్నాడు.

ఇంక రెండు మూటలు. ఆరు ఎకరాలు.

1-6-87

ఎండ. పెద్దక్కకు పాత బాకీ, ఈ నెలది కట్టినాను. తువ్వాలు మంచం మీదే ఉంది. పెద్దక్క ఉతికి, మడత పెట్టి మళ్ళీ అక్కడే వేసింది.

6-6-87

కార్డు. పదిహేడు.

9-6-87

రొప్పం వైపు వాన పడిందంట. మాకు ఉరుములు మాత్రం.

13-6-87, శనివారం. రాత్రి

ఇది రాయకుండా పడుకోలేను.

అనంతపురం పోయినాను. నన్ను చూడగానే అమ్మ స్టాండు తెమ్మనింది. వార్డంతా లేచి కూర్చుంది. పక్క మంచాల వాళ్ళు గట్టిగా లెక్కపెడతా ఉంటే అమ్మ నడిచింది. ఇరవై ఒకటి, ఇరవై రెండు. గీత దగ్గర కుర్చీ వేసి ఉంది. దాంట్లో కూర్చుని, ఏమి రా, చేరితినా లేదా అనింది. చెమట కారుతా ఉంది. అందరూ చప్పట్లు కొట్టినారు. డాక్టరమ్మ కూడా.

నేను గీత వైపు చూసినాను. అమ్మ మంచానికి గీతకు మధ్య రెండు మంచాలు. అంతే.

పెద్దక్క ఇంట్లో హాలే అంతకంటే పొడుగు.

అప్పుడు తెలిసింది. నేను ఏది కొలిచినా నా కాళ్ళతోనే. చేను, గెనెం గట్టు, బావి దాకా పైపు, అన్నీ. విత్తనం వేసే గొర్రు వెనక నడిచే మనిషి వేసే అంగలు నావి. ఇరవై రెండు నావి. అమ్మవి కావు. నెల రోజులు ఆ మనిషి తప్పు లెక్క నడిచింది. నేనిచ్చిన లెక్క.

చెప్పలేదు. బాగుంది అన్నాను. బస్సెక్కి వచ్చేసినాను.

14-6-87

ఎండ. ఎద్దులకు నీళ్ళు పెట్టింది ఓబళప్ప.

పావగడ పోయి మళ్ళీ కొలిచినాను. ఈసారి అమ్మలాగా. ముందు కాలి సగానికి వెనక కాలు తెచ్చి, ఆగి, మళ్ళీ. మంచాల మీది ముసలమ్మలు నోరు తెరుచుకుని చూసినారు. ఏమప్పా, కొత్త పెళ్ళికూతురు మాదిరి నడస్తాండావు అని ఒకామె. పెద్దక్క నవ్వబోయి ఆపుకునింది. ఎందుకో అర్థమయింది ఆమెకు.

అరవై ఒకటి. వసారా దగ్గర ఒక గడప. నాలుగు వేళ్ళ ఎత్తు. గడపను నేను ముందు లెక్కలోకే తీసుకోలేదు. నా కాళ్ళకు అది అడ్డం రాలేదు.

పోయి రావాల కాబట్టి దానికి రెండింతలు.

ఇంకొక నెల గడువు ఇయ్యి అక్కా అని అడిగినాను. ఇంతవరకు నేను ఎవరినీ గడువు అడగలేదు. నాకు నీ మీద కోపం లేదు నాయనా, నారప్పకు మాటిచ్చినాను, ఆ ముసలామె కూడా కాలిన చెయ్యి కట్టుకోని ఎదురు చూస్తాంది అనింది. కాఫీ ఇచ్చింది. తాగినాను.

16-6-87, మంగళవారం

రాత్రి వాన. పదును వాన. తెల్లారి చేనిలో జానెడు లోతు తడి. ఊరంతా గొర్రులు కట్టింది. కాయలు ఒలిచేదానికి ఎవరి ఇంటి ముందు చూసినా ఆడవాళ్ళు.

నేను అనంతపురం బస్సెక్కినాను.

ఓబళప్ప బస్సుకు అడ్డంగా నిలబడి, ఒరే, పదును మూడు దినాలుంటాది, పోతే ఏడాది పోతాది, అమ్మ రేపు కూడా ఆడే ఉంటాది కదరా అన్నాడు. రేపు కూడా ఇరవై రెండే నడుస్తాది అన్నాను. ఆయనకేమీ అర్థం కాలేదు. బస్సు మాత్రం వదిలినాడు.

అమ్మకు చెప్పినాను. నిలబడే చెప్పినాను. ముందు అర్థం కాలేదు. అరవై ఒకటి అని రెండుసార్లు అడిగింది. గడప సంగతి కూడా చెప్పినాను.

అచ్చం మీ నాయన కాళ్ళురా నీవి. నా పెళ్ళప్పుడు కూడా ఊరు దగ్గరే, దగ్గరే అని మూడు ఆమడలు నడిపించినాడు అనింది. వార్డులో నవ్వినారు. అమ్మ నవ్వలేదు. గోడ వైపు తిరిగి పడుకునింది. ఇంక నేను నడవను, నన్ను యాడన్నా పడేయి అనింది.

బస్సు టైము దాకా కూర్చున్నాను. తిరగలేదు. లేచి వస్తా ఉంటే, గడప ఎంత ఎత్తు అని గోడకే చెప్పినట్టు అడిగింది. నాలుగు వేళ్ళు చూపించినాను. చూడటానికి తిరగాల్సి వచ్చింది. నీ వేళ్ళు కాదు, నా వేళ్ళు పెట్టి చెప్పు అనింది. ఆమె చెయ్యి తీసుకుని చూసినాను. అయిదు.

18-6-87

ఎండ. ఇంటికొచ్చే లోపల ఓబళప్ప భార్య, కోడలు ఒక మూట ఒలిచి పెట్టినారు. ఓబళప్ప గొర్రు తెచ్చినాడు. ఇంకొక మూట రాత్రికి ఒలిచి, పొద్దున అదీ వేసినాము. నాలుగు ఎకరాలకు చాలినాయి. రెండు ఎకరాలు బీడు.

హాస్టలు ఫీజు ఆ రెండెకరాలా అన్నాడు ఓబళప్ప. అవును అన్నాను.

21-6-87

కార్డు రాలేదు.

23-6-87

రాలేదు.

25-6-87

మబ్బు. కార్డు వచ్చింది. డాక్టరమ్మ చేతి రాత. ముప్పై ఎనిమిది. మీ తల్లిగారు దుప్పటి చుట్టి నేల మీద పెట్టించి దాన్ని దాటుతున్నారు. రెండుసార్లు పడబోయారు. వద్దన్నా వినడం లేదు. దుప్పటి మందం తనే వేళ్ళు పెట్టి కొలుస్తున్నారు.

30-6-87

ఎండ. మొలక బాగా వచ్చింది. అక్కడక్కడ కాకులు పీకినాయి. చూసి, అనంతపురం పోయి అమ్మను తెచ్చినాను. డాక్టరమ్మ ఇంకా పది రోజులు ఉండనియ్యండి అనింది. గడువు చెప్పినాను. స్టాండు బాడుగకు ఇచ్చింది.

బస్టాండులో కిటికీలో నుంచి తువ్వాలు వేసి సీటు పట్టినాను. ఎక్కేలోపల ఒకాయన తువ్వాలు పక్కన పెట్టి కూర్చున్నాడు. అమ్మను చూసి లేచినాడు. తువ్వాలు పవరు ఇంతేనా అనింది అమ్మ.

ఇప్పుడు ఎన్ని అడుగులయింది అని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. రాత్రి పావగడలోనే, పెద్దక్క వసారాలో ఉన్నాము. ఎవరూ మంచం ఎక్కలేదు. అమ్మ చాప మీద పడుకునింది.

1-7-87, బుధవారం. పొద్దున

మబ్బు. చేనికి పోలేదు. కాకులను తోలేవాళ్ళు లేరు.

నారప్ప వచ్చినాడు. అత్తను కూడా పిలుచుకొచ్చినాడు. చేతికి గుడ్డ కట్టి ఉంది. ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. అమ్మ, ఆమె ఒకరినొకరు చూసుకున్నారు. ఏ ఊరు అని అమ్మ అడిగింది. నాగలమడికె అని ఆమె చెప్పింది. మా ఊరి పక్కనే అనింది అమ్మ. అంతే.

నువ్వు నా వెనక రావద్దు, లెక్కపెట్టొద్దు, నీ లెక్క మళ్ళీ వద్దు, మంచం మీద కూర్చో అని నాకు చెప్పింది. తువ్వాలు పక్కన కూర్చుని ఇది రాస్తున్నాను. ఇక్కడ నుంచి హాలు, గడప కనిపిస్తాయి. పెరడు కనిపించదు. స్టాండు చప్పుడు మాత్రం వినపడుతుంది.

అమ్మ మంచం దగ్గర బయలుదేరి గడప దగ్గర ఆగింది. వంగి, చెయ్యి పెట్టి చూసింది. దాటింది. పెరట్లోకి పోయింది.

చప్పుడు ఆగింది. చాలాసేపు.

దొడ్డి గడియ పడింది.

పెద్దక్క వసారాలో నిలబడి ఉంది. చేతులు వెనక కట్టుకునింది, సాయం పోకుండా.

గడియ తీసిన చప్పుడు. మళ్ళీ స్టాండు. రెండడుగులు, ఆగడం. రెండడుగులు, ఆగడం. మధ్యలో ఏదో పడిన చప్పుడు. నేను లేచినాను. చెంబులే, కూర్చో అని పెరట్లో నుంచి అరిచింది.

కూర్చున్నాను.

గడప అవతల కనిపించింది. ముఖమంతా చెమట. స్టాండు ఎత్తి ఇవతల పెట్టింది. ఒక కాలు. రెండో కాలు గడపకు తగిలింది. పెద్దక్క కదలలేదు. నారప్ప లేచి నిలబడినాడు. ఆయన అత్త కూర్చున్న చోటు నుంచే, అట్లే అక్కా, అట్లే రా అనింది.

దాటింది. హాల్లోకి వచ్చింది. మంచం ముందర నిలబడింది. లెయ్యి రా, నా చోటు అనింది. నేను లేచి తువ్వాలు తీసి భుజం మీద వేసుకున్నాను. అమ్మ కూర్చునింది.