అంచుదాకా నింపిన సీసాలు

అన్నయ్యా, అమ్మ పెరట్లో జారిపడి చెయ్యి విరగ్గానే కూరపాదులు పీకించి సిమెంటు పోయించమన్నావు. అది ప్రేమ కాదు, పెత్తనం. ఇక్కడ అందరం క్షేమం. "ఆఖరి కాపు టమాటాలు ఎవరు నిలవ చేస్తారు?" అని రాశావుగా, మగాళ్ళు చేశారు. అమ్మ కుర్చీలోంచి అజమాయిషీ. మొదటి వాయి నాన్న సీసాలు అంచుదాకా నింపారు. వాటిని నీళ్ళలో పెట్టి మరిగించేసరికి రసమంతా పొంగిపోయి, ఒక్క మూతా బిగియలేదు.

"ఇన్నేళ్ళూ తినడమేనా, చూసింది లేదా? వేలెడు ఖాళీ వదలండి" అంది అమ్మ.

రెండో వాయి చల్లారుతూ మూతలు లోపలికి లాక్కుని టక్కుటక్కున బిగుస్తుంటే, నాన్న ప్రతి చప్పుడుకీ అమ్మ వైపు గర్వంగా చూశారు. పెరడు ఎక్కడికీ పోదు.

వదినకు, పిల్లలకు నా ప్రేమ. ఇక నీ పని:

నువ్వు మాట్లాడిన మేస్త్రీని రావద్దను.
నీ దగ్గరున్న మా ఖాళీ సీసాలు పంపు.
చిక్కుళ్ళు కోతకొచ్చాయి, వచ్చి నువ్వే తరుగు.
అమ్మ సంగతి అమ్మనడుగు.