నూరేళ్ళ బురద

క్లేటన్,
22 అక్టోబరు 1999.

చిరంజీవి సౌభాగ్యవతి విద్యావతికి ద్వారకానాథ్ దీవించి వ్రాయునది. ఇక్కడ సింధుజ, అల్లుడు, నేను కుశలము. మీ అక్కయ్య కంటి కట్టు విప్పి ఉంటారనీ, తెనాలిలో మీరిద్దరూ సుఖంగా ఉన్నారనీ తలుస్తాను.

నీవు అడిగినవాటికి జవాబులు. నా మోకాలి నొప్పి నెమ్మదించింది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోకుండా చూసే పనిలో అల్లుడికి ఆదివారం సైతం సెలవు లేదు. నేను వ్రాస్తున్న జీవితచరిత్ర వ్యాసం పూర్తయింది. దాని విషయంలోనే నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదు.

ఆ చరిత్ర పక్కింటి మిస్ డన్‌ఫీ గారి తండ్రి ఆల్బర్ట్ గారిది. కోడిగుడ్డు ఆకారపు బంతిని తన్నుతూ, ఎగిరి పట్టుకుంటూ ఆడే ఇక్కడి ఫుట్‌బాల్‌లో ఆయన తొలితరం ఆటగాడు. వారమంతా క్యాబేజీ తోటలో కూలి, శనివారం ఆట. సరిగ్గా నూరేళ్ళ క్రితం, కుండపోత వానలో, మోకాలు విరిగినా మైదానం విడువక గోలు ముందు ఒంటికాలిపై చివరిదాకా నిలబడ్డారట. జట్టు ఓడిపోయింది. ఆయన మరి ఆడలేదు. యాభై ఏళ్ళపాటు కుంటుతూనే క్యాబేజీలు బండ్లకెత్తారు. ఆనాటి జెర్సీని ఎల్లుండి ఆదివారం ఆయన ఆడిన క్లబ్బువారు అద్దాల బీరువాలో ఉంచి, పక్కన నా వ్యాసం పెడతారు. చూసి వ్రాయమని ఆమె ఆ జెర్సీని నా చేతికిచ్చారు. ఇంత మాసిన బట్ట ఇచ్చారేమిటని లోలోపల అనుకున్నాను.

ఇక దాచలేను, విద్యా. మహర్నవమి నాడు పుస్తకాలతోపాటు దానినీ పూజలో పెట్టాలనిపించింది. ఆయన ఆయుధం అదే కదా! మాసిన బట్టను అమ్మవారి ముందు ఎలా పెట్టను? బకెట్టులో నానబెట్టి, సబ్బు రుద్ది, ఉతికి ఆరవేశాను. నీళ్ళు నల్లబడుతుంటే తృప్తిపడ్డాను కూడా.

సాయంత్రం సింధుజ తీగ మీద చూసి కెవ్వుమంది. "ఏం చేశావు నాన్నా! హండ్రెడ్ ఇయర్స్ బురద అది! క్లబ్బువాళ్ళకి కావాల్సిందే అది! ఆంటీకి ఏమని చెప్తావు ఇప్పుడు?"

చెప్పలేదు. మిస్ డన్‌ఫీ కంచె అవతలి నుండి అడిగినప్పుడల్లా "ఇంకొక్క పేరా మిగిలిందండీ" అని బొంకాను. అబద్ధమాడిన పిల్లలను ముప్పై ఆరేళ్ళు బెంచీ ఎక్కించిన హెడ్మాస్టరును!

ఈ ఉదయం ఇక ఆగలేక, మడిచిన జెర్సీతో వెళ్ళి ఆమె గుమ్మంలో నిలబడ్డాను. ఆమె మడత విప్పారు. ముక్కుకు ఆనించుకున్నారు. ఎనభై ఎనిమిదేళ్ళ ఆ చేతులతో మళ్ళీ మడిచారు.

"దీన్ని ఉతుకుతానని మా అమ్మ నలభై ఏళ్ళు పోట్లాడింది, మిస్టర్ ద్వారకానాథ్," అన్నారు. "నాన్న చచ్చేదాకా ఒప్పుకోలేదు. అమ్మ కనీసం అడిగింది."

"క్షమించండి," అన్నాను.

"అది తర్వాత చూద్దాం. ఆదివారం అందరి ముందు మీరే చెప్పండి. నేను మొదటి వరుసలో కూర్చుంటాను."

తలుపు వేసుకున్నారు.

ఇంటికి వచ్చి, పూర్తయిందనుకున్న వ్యాసానికి రెండు వాక్యాలు చేర్చాను. "ఆయన బ్రతికినంతకాలం ఈ జెర్సీని ఎవరినీ ఉతకనివ్వలేదు. దీనిని నేను ఉతికాను." కింద నా పూర్తి పేరు వ్రాశాను. ఈ ఉత్తరం నీకు అందేసరికి ఆ ఆదివారం గడిచిపోయి ఉంటుంది.

ఇట్లు,
నీ భర్త,
ద్వారకానాథ్