పేరు పెట్టి పిలువమ్మా

విజయనగరం,
12-12-2014.

అమ్మకి,

నీ కూతురు పద్మ దండాలు పెట్టి రాస్తున్నది. నీ అల్లుడు, నీ మనవరాలు శ్రావణి బాగానే ఉన్నారు. నేను కూడా బాగున్నానని రాయడానికి చెయ్యి రావడం లేదు. ఎందుకో చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది.

జగ్గమ్మత్త ఎండుచేపల బుట్టలో పెట్టి తెచ్చిన నీ ఉత్తరం అందింది. కాగితానికి నెత్తళ్ల వాసన ఇంకా పోలేదు. తుఫానుకి లేచిపోయిన ఇంటికప్పు మళ్ళీ వేయించారని చదివి ఊపిరి పీల్చుకున్నాను. ఈ జవాబు కూడా అత్త చేతికే ఇస్తున్నాను. ఫోన్ చేస్తే నాన్న స్పీకరు పెడతాడు, వీధంతా వింటుంది. నీకు ఐదో తరగతి చదువుంది కదా, కూడబలుక్కుని నువ్వే చదువు. ఇంకెవరి చేతా చదివించకు.

"బిచ్చగాళ్ల మద్దిన నీకేటి పనే?" అని అడిగావు. అదే నా పనమ్మా. రైలుస్టేషను దగ్గర, బస్సుల కాంప్లెక్సు వెనక, తల దాచుకునే చోటు లేని వాళ్ళని పలకరించి ప్రశ్నలడుగుతాం. ఎక్కడ తింటున్నారు, మత్తుసూదులు వేసుకుంటారా, ఒకరి సూది ఒకరు వాడతారా అని. ఒప్పుకున్నవాళ్ళకి హెచ్ఐవీ పరీక్ష చేయిస్తాం. ఎవరి పేరూ రాయం, నంబరు వేస్తాం. ఈ సర్వే చూసి సర్కారు ఏదో చేస్తుందని మా సారు అంటారు. ఎప్పుడు చేస్తుందో ఆ సింహాద్రి అప్పన్నకే తెలియాలి. ఈలోగా నిన్న మాట్లాడినవాడు ఇవాళ ఉండడు.

ఇంకో మాట కూడా రాశావు. "ఉత్తరాల్లో ఆడి పేరు రాయకే. సముద్రంలో పోయినోడి పేరు ఇంట్లో వినపడితే సిన్నతల్లి అన్నం ముట్టదు" అని. మూడేళ్ళుగా నీ మాట దాటలేదు. ఇవాళ దాటుతున్నాను. పక్కన నీ కోడలు చిన్నతల్లి ఉంటే లేచి బయటికి పో. గోడకి ఆనుకుని కూర్చో.

మన ఈశ్వర్ బతికే ఉన్నాడమ్మా.

స్టేషను గోడవారన ప్రశ్నలడుగుతుంటే, గడ్డం మాసిన ఒక మనిషి తల ఎత్తకుండా "నన్ను వదిలీయప్పా" అన్నాడు. నన్ను అప్పా అని పిలిచే నా తమ్ముడి గొంతే అది. ఒరే అని పట్టుకుని వీపుమీద గుద్దాను, ఏడ్చాను. వల లాగిన వీపు కాదమ్మా అది, ఎముకలే తగిలాయి.

గుజరాత్‌లో పడవ మునిగినప్పుడు వేరే పడవ వాళ్ళు వాడిని పైకి లాగారట. భుజం విరిగింది. నొప్పికని మొదలెట్టిన సూది, నొప్పి పోయినా వాడిని వదల్లేదు. తోటివాళ్ళతో ఒకే సూది పంచుకున్నాడు. హెచ్ఐవీ అలా అంటింది. ఇప్పుడు దగ్గులో నెత్తురు కూడా పడుతోంది. చిన్నతల్లికి భయం లేదు, ఇదంతా ఇల్లు విడిచాకే. ఇవన్నీ వాడే చెప్పాడు, నీకు రాయమన్నదీ వాడే.

నడవగలిగాక ఒకసారి ఊరిదాకా వచ్చాడట! కుళాయి దగ్గర చిన్నతల్లి బోసి చేతులు చూసి అట్నుంచటే తిరిగిపోయాడట.

"ఇంట్లోకి రావచ్చు కదరా, ఎదవా!" అని అరిచాను.

"ఏటి వస్తానప్పా? గడ్డిబొమ్మ సేసి నన్ను కాల్చీసినారు. కర్మ అయిపోయినోడు గడప తొక్కితే ఇంటికి కీడు, పడవకి కీడు. నాన్న ఇంకా ఏటకెల్తన్నాడు. నాను రాను."

ఆసుపత్రిలో మందులు ఉచితమే. కానీ రోజూ మింగించడానికి సొంత మనిషి, ఉండడానికి ఒక ఇల్లు ఉందా అని అడుగుతారు. నేనున్నానన్నాను. బతిమాలి ఆటో ఎక్కిస్తే ఆసుపత్రి గేటు దగ్గర దూకి పారిపోయాడు. మళ్ళీ వెతికి పట్టుకుని కాళ్ళమీద పడ్డాను. తమ్ముడి కాళ్ళమ్మా! "సచ్చినోడికి మందులేటప్పా?" అంటాడు. తిక్కరేగి చెంప పగలగొట్టాను. ఏం లాభం? వచ్చే వారం మా జట్టుని శృంగవరపుకోట పంపుతున్నారు. వాడికి ఒక్కోరోజు లేచి కూర్చునే ఓపిక కూడా ఉండటం లేదు.

నాయనమ్మ చెప్పేది గుర్తుందా? కర్మ అయినవాడు తిరిగొస్తే, తల్లి వాడికి పురిటిస్నానం చేయించి పేరు పెట్టి పిలవాలని, అప్పుడు మళ్ళీ పుట్టినట్టేనని. నేను పిలిస్తే చెల్లదట. వాడు ఇదొక్కటే పట్టుకుని కూర్చున్నాడు. "అమ్మొచ్చి పిలిస్తే వస్తాను" అంటాడు. నువ్వు రావనే వాడి నమ్మకం.

నాన్నని అడగకు. కులపెద్దలని అసలే అడగకు. వాళ్ళు కూర్చుని తేల్చేసరికి వాడుండడు. ఇక్కడ దిక్కులేనివాళ్ళు పోతే మున్సిపాలిటీ బండి వస్తుంది, పేరు అడిగేవాడుండడు. అప్పుడు మనం గడ్డిని కాల్చి గుండెలు బాదుకున్నాం. ఈసారి వాడినే కాలుస్తారు, ఏడ్చేవాళ్ళు కూడా ఉండరు.

నీకు దండం పెడతానమ్మా. చెంబు, పసుపు, నాన్న పాత పంచె ఒకటి పట్టుకుని, ఇది అందిన మర్నాడే జగ్గమ్మత్తతో బస్సెక్కు. నేను కాంప్లెక్సులో కాసుకుని ఉంటాను. వాడు ముఖం తిప్పుకుంటాడు, తిడతాడు కూడా. పట్టించుకోకు. పడవలు ఆలస్యమైతే ఒడ్డున నిలబడి, అలల హోరులో కూడా వాడికి వినపడేట్టు కేకేసేదానివి చూడు, అలాగే పిలువు.

ఇట్లు,
బతికున్న నీ ఇద్దరు బిడ్డల్లో పెద్దది,
పద్మకుమారి