తొమ్మిదులు అయిపోతేనే కదా

మంగళవారం, రాత్రి

పదకొండేళ్లుగా చెబుతున్న పాఠం ఒకటి తప్పని ఈరోజు అమీర్‌పేట క్లాసులో తేలిపోయింది. అయినా మనసు హాయిగా ఉంది.

బ్యాంకు పరీక్షల బ్యాచ్‌కి దశాంశాలు చెబుతూ బోర్డు మీద 0.999... అని రాశాను. తొమ్మిదులు ఆగకుండా ఎంత దూరం పోయినా ఇది ఒకటికి రవ్వంత తక్కువే అన్నాను. ప్రతి బ్యాచ్‌కీ చెప్పే మాటే. బల్కంపేట నుంచి వచ్చే స్వరూప లేచి నిలబడింది.

"తక్కువంటే ఎంత తక్కువ సార్?"

"ఒకటిలోంచి దీన్ని తీసేస్తే, సున్నాలన్నీ అయ్యాక చివర ఒక ఒకటి వస్తుందమ్మా, అంత."

"చివరంటే యాడ సార్? తొమ్మిదులు అయిపోతేనే కదా గా ఒకటి వచ్చేది. అవి అయిపోనే పోవంటిరి."

నిజమే, ఆ చివరి ఒకటి ఎప్పటికీ రాదు. తేడా అనేదే లేకపోతే రెండూ ఒకే సంఖ్య. ముందు కోపం వచ్చింది, నా డైరీలో నాకు దాపరికమెందుకు. తర్వాత నా లైను తుడిచేసి మార్కర్ ఆమె చేతికిచ్చాను. 0.999... = 1 అని పెద్దగా రాసింది.

పంజాగుట్ట దాకా నడిచి వస్తుంటే పాత బ్యాచ్‌లు గుర్తొచ్చాయి. క్లాసు అయ్యాక బోర్డును ఫోటో తీసుకోవడం మా పిల్లల అలవాటు. ఎన్ని ఫోన్లలో నా తప్పు భద్రంగా ఉందో, వాళ్లందరికీ ఎవరు చెబుతారో...

ఇవాళ కూడా, స్వరూప రాయగానే, ఫోన్లన్నీ పైకి లేచాయి. నేను వెనక బెంచీల దాకా వెళ్లి, వాళ్లతో పాటు నిలబడి, నా ఫోనూ పైకెత్తాను.