ఆడవాళ్ల లైను

ఏమండీ,

మీరు పోయాక వచ్చిన మొదటి కరెంటు బిల్లు ఇవాళ కట్టాను. ఇవాళే ఆఖరి రోజు. "రేపు ఫైనుతో కడతాలే అమ్మా" అని అబ్బాయి షిఫ్టు బస్సెక్కేశాడు. మీ హయాంలో ఈ ఇల్లు పైసా ఫైను ఎరగదు. ఆ మంచిపేరు నా చేతిలో పోనిస్తానా? గొడుగు తీసుకుని మన సిద్ధగోరా ఇంటి నుంచి కరెంటాఫీసుకు నేనే బయలుదేరాను.

"ఆ తోపులాటలో ఆడవాళ్లు నిలబడలేరు" అనేవారు కదా. పొద్దున్న వెళ్లి భోజనాల వేళ దాటాక వచ్చేవారు. పాపం అలిసిపోయారని మజ్జిగ ఇచ్చేదాన్ని. తీరా చూస్తే అక్కడ ఆడవాళ్లకు వేరే లైను ఉంది. నా ముందు ఒక్కరూ లేరు. ఇట్టే రసీదు చేతికొచ్చింది.

మగవాళ్ల లైనులోంచి మీ స్నేహితుడు అప్పారావు పిలిచాడు.

"వదినా! అన్నయ్య వంతొచ్చినా కట్టీవోడు కాదు. కబుర్లు అవనేదని మళ్లీ ఎనక్కొచ్చి నిలబడీవోడు. ఏటి, మీకు సెప్పనేదా?"

చెప్పలేదు. అప్పారావు తన చోటు వదిలేసి, నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి టీ తెప్పించాడు. నా కందాబచ్చలి కూరకు ఎవరింటి కూరా సాటిరాదని మీరు అక్కడ వాదించేవారట. ఇంట్లో ఏనాడైనా బాగుందన్నారా? నవ్వి నవ్వి కళ్లద్దాలు తుడుచుకున్నాను.

ఇంటికొచ్చి రసీదును మీ పాత రసీదుల తీగకే గుచ్చాను.

"ఇంతసేపయిందేం అత్తయ్యా?" అంది కోడలు, మజ్జిగ గ్లాసు అందిస్తూ.

"లైను చాలా పెద్దదమ్మా" అన్నాను.