అవ్వ చేత నేను వేయించిన ఒట్టు

అక్టోబరు 6
దేవునికి స్తోత్రం. ముజూజు పట్నంలోని యూనివర్సిటీ నుంచి డాక్టర్ తవోంగా లుహాంగా వచ్చింది. మన చరిత్ర మన నోటితోనే రావాలని పుస్తకం వేస్తున్నారట. నూరేళ్ల కిందట ఒక తెల్ల మిషనరీ మా కొండ మీది వాన ప్రార్థన విని, అర్థం లేని అరుపులు అని ఒక్క వాక్యం రాసుకుపోయాడు. ఇప్పటికీ పిల్లలు చదివేది ఆ వాక్యమే. ఆ మాటలు తెచ్చివ్వండి పెద్దనాన్నా, ఆయన వాక్యాన్ని కొట్టేద్దాం అంది. నాలుగో తరగతి దాటని నన్ను పరిశోధకుడంది! రికార్డర్ ఇచ్చి వెళ్లింది. గొల్యాతు ముందు దావీదులా ఉన్నాను.

చిన్నప్పుడు ఆ ప్రార్థన డోలు నాకూ వినబడేది. మాటలు మాత్రం కొండ దిగేవి కావు. అవి తెలిసింది ఇప్పుడు న్యాచవూలా అవ్వ ఒక్కతెకే. తొంభై దగ్గర పడింది.

అక్టోబరు 8
అవ్వ చిక్కుడు గింజలు ఏరుతోంది. సంగతి చెప్పగానే నవ్వింది. ఏం యెసాయా, మతిమరుపా, నా నోటికి తాళం వేసింది నువ్వే కదరా అంది.

మరిచిపోలేదు. ఇన్నాళ్లూ రాయలేదంతే. ముప్పై ఎనిమిదేళ్ల కిందట సంతలో గుడారం వేసి మూడు రోజులు ప్రసంగించాను. మూడో రోజు అవ్వ తన డోలు తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టింది. కాల్చాను. అదీ చాలలేదు నాకు. బైబిలు మీద చెయ్యి వేయించి, ఆ మాటలు ఇక నోట రానివ్వనని ఒట్టు వేయించాను. జనం హల్లెలూయా అన్నారు. అందరికంటే గట్టిగా నేను.

అక్టోబరు 9
ఒట్టు తీసేస్తున్నానని చెప్పాను. నీకు వేశానా, దేవుడికి వేశానా అని అడిగింది. యెఫ్తా మొక్కు గురించి రెండు గంటలు అరిచావు కదరా, ఇచ్చిన మాట వెనక్కి తీసుకోకూడదని, పాపం వాడి మొక్కుకు కన్నకూతురి ప్రాణమే పోయింది, నా పాట ఏపాటిది అంది. తర్వాత మొక్కజొన్న సంకటి పెట్టింది. సిగ్గు లేకుండా తిన్నాను.

అక్టోబరు 15
బైబిల్లో సంఖ్యాకాండము 30! భార్య మొక్కును, విన్న రోజునే భర్త కాదంటే, అది చెల్లదు. దారి దొరికింది.

అక్టోబరు 16
దొరకలేదు. మా ఆయన ఆ రోజు నీ పక్కనే నిలబడి విన్నాడు, కిమ్మనలేదు, అననిస్తే కదా నువ్వు అంది. భర్త ఊరకుంటే మొక్కు స్థిరం. అదే అధ్యాయం. ఆ మనిషి పోయి ఇరవై ఏళ్లు. నా అరుపులకు జడిసి ఊరకున్నాడు.

నవంబరు 4
డాక్టర్ ఫోన్ చేసింది. ఒట్టు సంగతి చెప్పాను. వేయించింది ఎవరు, తెల్లవాళ్లా అని ఆశగా అడిగింది. నేనే అన్నాను. మీకు అలా నేర్పింది వాళ్లే కదా పెద్దనాన్నా అంది. ఆ దయ నాకొద్దు. ఆ రోజు సంతలో ఒక్క తెల్లవాడు లేడు. అగ్గిపెట్టె నాది.

నవంబరు 19
అవ్వకు జ్వరం. మంచం దిగడం లేదు. రికార్డర్ ఆన్ చేసి జేబులో వేసుకుని వెళ్లాను, దొంగలా. పెదవులు కదిలాయి. చెవి ఆనించాను. నేను నేర్పిన కీర్తన. రెండు చరణాలు, ఒక్క ముక్క తప్పకుండా. మధ్యలో కన్ను తెరిచి, ఆ పెట్టె ఆపరా, బ్యాటరీ దండగ అంది.

నవంబరు 22
అవ్వ పోయింది. మాట తప్పని విశ్వాసి అన్నాడు పాస్టరు. వాక్యం నన్ను చెప్పమన్నారు. బైబిలు తెరిచాను. మూశాను.

నవంబరు 28
పుస్తకంలో మిషనరీ వాక్యమే ఉంటుందట. కింద ఫుట్‌నోట్: అసలు మాటలు దొరకలేదు. సహకరించినవాళ్లలో మీ పేరు వేస్తానంది డాక్టర్. డోలు కాల్చినవాడు అని వేయండి అన్నాను. ఈ పుస్తకం ఉద్దేశం అది కాదట.

డిసెంబరు 3, ఉదయం ఆరు
వాన. ఎవరూ పిలవకుండానే వచ్చింది.
వేళ్లు వాటంతటవే బల్ల మీద ఆ పాత డోలు వరస కొడుతున్నాయి. మూడు దెబ్బలు, ఖాళీ, ఒక దెబ్బ. ఆ ఖాళీలో ఒక మాట ఉండేది.