రేణుక జారిపడ్డ కల్వర్టు

చిట్యాల,
సోమవారం.

గౌరవనీయులైన ఇంజనీరు గారికి,

మా మండలం రోడ్ల సర్వే టెండరులో, ప్రభుత్వ పనుల అనుభవం లేదని మమ్మల్ని పక్కన పెట్టారు. పైగా, గెలిచిన హైదరాబాద్ కంపెనీ నిరుడు ఇచ్చిన రిపోర్టు నా చేతిలో పెట్టి, "చూసి నేర్చుకోండి" అన్నారు. మాది ఇద్దరం నడుపుకునే సర్వే ఆఫీసు. నేనూ నా భార్యా ఆదివారమంతా కూర్చొని శ్రద్ధగా చదివాం.

రిపోర్టు చాలా బాగుంది. పన్నెండో పేజీలో ఒక కల్వర్టు పేరు "రేణుక జారిపడ్డ కల్వర్టు" అని ఉంది. ఆ కల్వర్టు ఉన్న ఊళ్లో ఎవరినడిగినా ఆ పేరు తెలియదంటారు. రేణుక నా భార్య. నిరుడు ఆ కంపెనీ సర్వే అంతా మాతోనే చేయించుకుంది. కొలతలు తీస్తూ ఆమె అక్కడ జారిపడితే, గుర్తుకోసం నేనే అలా రాసుకున్నాను. వాళ్లు అట్ట మార్చి ముద్ర వేశారు. లోపల ఒక్క అక్షరం మారలేదు.

తప్పు దిద్దమని రాయబోతే రేణుక ఆపింది. "గా పేరు తీసెయ్యమనకు. గా పని మనమే చేసినమన్నదానికి గదొక్కటే సాక్ష్యం ఉన్నది" అంది.

అందుకని ఫిర్యాదు చేయడం లేదు. ఈ ఏటి సర్వే కూడా చేసిపెట్టమని ఆ కంపెనీ నిన్న ఫోన్ చేసింది. రేపు మొదలుపెడుతున్నాం. ఈసారి ప్రతి కల్వర్టుకూ మా ఇద్దరిలో ఒకరి పేరు ఉంటుంది. వచ్చే టెండరులో దయచేసి వాటిని అనుభవం కింద లెక్కించగలరు.

ఇట్లు,
రేణుక భర్త